డిప్ప కూడా ఎముకే: నీటి తాబేలుకు తిండి, ఎండ, శుభ్రత



మనుషుల ఆసుపత్రి పత్రికలో తాబేలు సంగతి ఏమిటని మీరు అనుకోవచ్చు. దీనికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, పట్టణాల్లో రంగుచేపలు అమ్మే దుకాణాల నుండి అరచేతిలో ఇమిడిపోయే పచ్చ తాబేలు పిల్లలు ఇప్పుడు పల్లె ఇళ్ళకు కూడా చేరుతున్నాయి. చిల్పూర్ వంటి చెరువుల ప్రాంతంలో కాలువ పక్కన దొరికిన తాబేలును పిల్లలు బకెట్లో వేసి తెచ్చుకోవడమూ ఉంటుంది. రెండవది, తాబేలు నుండి మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లలకు, విరేచనాల జబ్బు రావచ్చు. మూడవది, తాబేలు డిప్ప మెత్తబడటానికీ, ఎదిగే బిడ్డ కాళ్ళు వంకర పోవడానికీ వెనుక ఉన్న కారణం చాలావరకు ఒక్కటే. తాబేలు సంగతి అర్థమైతే మన పిల్లల ఎముకల సంగతి కూడా అర్థమవుతుంది.

ఈ పాఠంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: డిప్ప పెట్టె కాదు, రాయి కాదు, అది ప్రాణమున్న ఎముక. తిండి, ఎండ, శుభ్రమైన నీళ్ళు అనే మూడింటిలో ఏది తగ్గినా అది డిప్పమీద కనిపిస్తుంది.

1. మీ ఇంట్లో ఉన్నది ఏ తాబేలు?

ముందుగా ఇది తెలియాలి. ఎందుకంటే అన్ని తాబేళ్ళకు ఒకే తిండి సరిపోదు, అన్నిటినీ ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

అ) మన చెరువు తాబేలు: మన చెరువుల్లో, కుంటల్లో, వరి పొలాల్లో ఎక్కువగా కనిపించే తాబేలు డిప్పమీద గట్టి పలకలుండవు. మెత్తని తోలు కప్పి ఉంటుంది. వెనుక కాళ్ళు లోపలికి ముడుచుకోగానే అడుగుభాగంలోని రెండు తోలు రెక్కలు మూతల్లాగా వాటిని కప్పేస్తాయి. అందుకే దీన్ని ఇండియన్ ఫ్లాప్‌షెల్ అంటారు. ఇది నత్తలు, పురుగులు, కప్పలు, చేపలు, నీటి మొక్కలే కాకుండా చచ్చిన జీవాలను కూడా తిని చెరువును శుభ్రంగా ఉంచుతుంది. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దిగి వానల కోసం ఎదురు చూస్తుంది.

ఈ తాబేలును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ తాబేలు చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు జంతువుల విషయంలో నేరం చేసినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. కాబట్టి "ఎలా పెంచాలి?" అనే ప్రశ్న ఈ తాబేలుకు వర్తించదు. మీ పిల్లలు ఈ తాబేలును తెచ్చి ఉంటే వెంటనే అటవీశాఖ వారికి తెలియజేసి, వారు చెప్పినట్లు చేయండి. పూడిక తీసేటప్పుడు బురదలో తాబేలు బయటపడితే చంపకండి, ఇంటికి తేకండి. దగ్గర్లో నీళ్ళున్న చోట, గట్టు పక్కన వదిలేయండి.

ఆ) నేల తాబేలు: డిప్పమీద పసుపు రంగు నక్షత్రాల గీతలున్న తాబేలు నేలమీద బతికేది. గడ్డి, ఆకులు దీని తిండి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో ఉన్న తాబేళ్ళు ఇవే. దీన్ని నీళ్ళ తొట్టిలో వేస్తే మునిగి చనిపోతుంది. దీన్ని పెంచడం కూడా చట్టరీత్యా నేరమే.

ఇ) దుకాణపు తాబేలు: కంటి వెనుక ఎర్రటి గీత, పచ్చని డిప్ప, అడుగున పసుపు రంగు ఉంటే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. దీని సొంత దేశం అమెరికా, మిసిసిపి నది ప్రాంతం. కొన్నప్పుడు అంగుళం, అంగుళంన్నర పొడవు ఉంటుంది. "ఇది ఇంతకంటే పెరగదు" అని అమ్మేవారు చెప్పే మాట నమ్మకండి. ఆడ తాబేలు డిప్ప 10 నుండి 12 అంగుళాల వరకు పెరగవచ్చు. బాగా చూసుకుంటే 20, 30 సంవత్సరాలు, ఇంకా ఎక్కువ కూడా బతుకుతుంది. అంటే ఈ రోజు ఐదేళ్ళ పిల్లవాడి కోసం కొన్న తాబేలు, వాడి పెళ్ళి నాటికి కూడా ఇంట్లోనే ఉండవచ్చు. ఇది ఆలోచించకుండా ఎవరూ కొనవద్దని మా సలహా. ఇప్పటికే ఇంట్లో ఉన్నవారికి, దాన్ని చివరివరకూ సరిగ్గా చూసుకోవడం బాధ్యత. ఇకమీద చెప్పే సంగతులన్నీ ఈ తాబేలు గురించే.

2. డిప్ప అంటే ఏమిటి?

తాబేలుకు పై డిప్ప, అడుగు డిప్ప అని రెండు భాగాలుంటాయి. పక్కల వంతెనల్లాంటి ఎముకలు ఈ రెంటినీ కలుపుతాయి. మొత్తం డిప్పలో 50కి పైగా ఎముకలున్నాయి. వెన్నెముక, పక్కటెముకలు కూడా పై డిప్పలోనే కలిసిపోయి ఉంటాయి. అందుకే తాబేలు డిప్పను వదిలి బయటకు రాలేదు. మనం మన వెన్నెముకను వదిలి రాలేనట్లే.

ఈ ఎముకల మీద పలకలు పేర్చినట్లుంటాయి. మన గోళ్ళు దేనితో తయారవుతాయో ఈ పలకలు కూడా ఆ పదార్థంతోనే తయారవుతాయి. పలకల కింద రక్తం పారే పొర, నరాలు ఉన్నాయి. డిప్పను తాకితే తాబేలుకు తెలుస్తుంది, దెబ్బ తగిలితే నొప్పి పుడుతుంది. డిప్పకు రంధ్రం చేసి తాడు కట్టడమంటే బిడ్డ పక్కటెముకకు రంధ్రం చేసినట్లే. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

3. డిప్ప ఎందుకు మెత్తబడుతుంది?

ఎముకకు గట్టిదనం ఇచ్చేవి కాల్షియం, భాస్వరం. తిండిలో ఈ రెండూ తగిన పాళ్ళలో ఉండాలి. తాబేలు తిండిలో భాస్వరం ఒక వంతు ఉంటే కాల్షియం దాదాపు రెండు వంతులు ఉండాలి. ఎముక లేని మాంసం ముక్కల్లో ఇది పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. అందులో కాల్షియం కంటే భాస్వరం పదింతలకు పైగా ఉంటుంది. ముర్మురాలు, అన్నం, బ్రెడ్డు వంటి వాటిలో కూడా కాల్షియం చాలా తక్కువ.

తిన్న కాల్షియం పేగుల నుండి రక్తంలోకి వెళ్ళాలంటే విటమిన్ డి కావాలి. చర్మంమీద ఎండ పడినప్పుడు శరీరంలో విటమిన్ డి తయారవుతుంది. తిండిలో కాల్షియం లేకపోయినా, ఎండ లేకపోయినా రక్తంలో కాల్షియం తగ్గుతుంది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు పనిచేయడానికి రక్తంలో కాల్షియం తప్పనిసరి. అందుకని మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుండి కాల్షియంను తీసి రక్తంలోకి పంపుతాయి. ఇంట్లో బియ్యం అయిపోతే విత్తనాల గింజలు వండుకున్నట్లు. కొన్నాళ్ళు గడుస్తుంది కానీ తరువాత చేతిలో ఏమీ మిగలదు.

తాబేలులో ఇది జరిగినప్పుడు డిప్ప అంచులు పైకి లేస్తాయి, డిప్ప వంకర పోతుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. దవడ మెత్తబడి తినలేదు. కాళ్ళలో బలం ఉండదు. చివరకు వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతుంది. ఎదిగే పిల్లల్లో విటమిన్ డి, కాల్షియం లోపం వల్ల వచ్చే రికెట్స్ జబ్బులో కాళ్ళు దొడ్డిగా వంగడం, మణికట్టు దగ్గర ఎముక ఉబ్బడం చూస్తాం. ప్రాణులు వేరు, జబ్బు దారి మాత్రం ఒక్కటే.

4. ఏమి పెట్టాలి?

స్లైడర్ తాబేలు మాంసాహారం, శాకాహారం రెండూ తింటుంది. చిన్న వయసులో మాంసాహారం ఎక్కువ తింటుంది. పెరిగేకొద్దీ ఆకులు, నీటి మొక్కలు ఎక్కువ తింటుంది. పెద్ద తాబేలు తిండిలో సగానికి పైగా ఆకులే ఉండాలి.

తరచుగా పెట్టదగినవి:
- నీటి తాబేళ్ళ కోసమే తయారుచేసిన గుళికల మేత. దీన్ని మొత్తం తిండిలో కొంత భాగంగానే పెట్టాలి.
- ముల్లుతో సహా పెట్టే చిన్న చేపలు. ముల్లులోనే కాల్షియం ఉంది.
- ఎర్రలు, గుల్లతో సహా చిన్న నత్తలు. పురుగుమందు కొట్టిన పత్తి, మిరప చేల నుండి తెచ్చినవి వద్దు.
- అజోలా. పశువుల మేతకు దీన్ని పెంచేవారి దగ్గర దొరుకుతుంది.
- మునగాకు, మెంతికూర, ముల్లంగి ఆకు, మందార ఆకు. బాగా కడిగి పెట్టాలి.
- తురిమిన క్యారట్, గుమ్మడికాయ ముక్క.

అప్పుడప్పుడు మాత్రమే పెట్టదగినవి:
- పాలకూర, తోటకూర. వీటిలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వవు.
- ఎండు రొయ్యలు. తాబేలు వీటిని ఇష్టంగా తింటుంది, కానీ ఇవే తిండి కాకూడదు.
- ఉడికించిన గుడ్డు చిన్న ముక్క.

పెట్టకూడనివి:
- పాలు, పెరుగు, పనీర్. తాబేలు పాలు తాగే జీవి కాదు. దానికి పాలు అరగవు.
- అన్నం, ముర్మురాలు, బ్రెడ్డు, బిస్కట్లు, మిక్చర్, ఉప్పు కారం వేసినవి.
- రోజూ చికెన్ ముక్కలు, కార్జం.

కాల్షియం కోసం ఒక తేలికైన మార్గం ఉంది. ఆయుర్వేద మూలికల దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో తెల్లటి, తేలికైన పెంకు అమ్ముతారు. ఇది నిజానికి నురుగు కాదు, ఒక సముద్రజీవి లోపలి ఎముక. ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. చిన్న ముక్కను కడిగి నీళ్ళలో వేస్తే తాబేలు తనకు కావలసినప్పుడు కొరుక్కుంటుంది. పిల్లలకు రాసిన కాల్షియం సిరప్పు, విటమిన్ డి చుక్కలు తాబేలు నోట్లో పోయకండి. విటమిన్ డి ఎక్కువైతే కాల్షియం మూత్రపిండాల్లో పేరుకుని ప్రాణానికే ప్రమాదం.

ఎన్నిసార్లు పెట్టాలి? ఏడాది లోపు పిల్లకు రోజుకు ఒకసారి. ఒకటి నుండి మూడేళ్ళ వయసుదానికి రోజు విడిచి రోజు. పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు. ఆకులు, అజోలా మాత్రం రోజూ అందుబాటులో ఉండవచ్చు. ఒకసారికి దాని తల పరిమాణమంత గుళికల మేత చాలు. 15 నిమిషాల్లో తినగా మిగిలినది తీసివేయాలి. తాబేలు ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్లే గాజు దగ్గరకు వచ్చి కాళ్ళు ఆడిస్తుంది. అది చూసి జాలిపడి మళ్ళీ మళ్ళీ పెడితే కొవ్వు పట్టి, తొడల దగ్గర చర్మం డిప్ప బయటకు ఉబ్బుతుంది.

ఇంకొక సంగతి. ఈ తాబేలు నీళ్ళలో ఉంటేనే మింగగలదు. గచ్చుమీద పెట్టి మేత వేసి, తినడం లేదని బాధపడవద్దు.

కళ్ళ సంగతి: కేవలం మాంసం ముక్కలు లేదా ఎండు రొయ్యలతో పెరిగిన తాబేలుకు రెప్పలు వాచి కళ్ళు మూసుకుపోతాయి. ఇది విటమిన్ ఎ లోపం. కళ్ళు కనపడక తిండి మానేస్తుంది. మన పిల్లల్లో ఈ విటమిన్ లోపమే రేచీకటి తెస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మన దేశంలో పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం ఇచ్చే కార్యక్రమం మొదలైంది. తాబేలుకైనా, బిడ్డకైనా ముదురాకుపచ్చని ఆకుకూరలు, క్యారట్, గుమ్మడి ఈ లోపం రాకుండా కాపాడతాయి.

5. ఎండ

గాజు తొట్టిని కిటికీ దగ్గర పెట్టి, "రోజూ ఎండ తగులుతోంది కదా" అనుకునేవారున్నారు. వెలుతురు గాజులోంచి వస్తుంది. విటమిన్ డి తయారు చేసే అతినీలలోహిత బి కిరణాలు మాత్రం గాజులోంచి దాదాపుగా రావు. పైగా ఎండలో పెట్టిన గాజు తొట్టిలో నీళ్ళు త్వరగా వేడెక్కి తాబేలు ఉడికిపోయినట్లవుతుంది. పసిబిడ్డను మూసిన అద్దాల కిటికీ వెనుక కూర్చోబెట్టినా ఇదే సంగతి: వేడి తగులుతుంది, విటమిన్ డి రాదు.

సరైన పద్ధతి ఇది. వెడల్పాటి టబ్బులోనో, వాకిట్లో ఖాళీగా ఉన్న గోలెంలోనో కొద్దిగా నీళ్ళు పోయండి. ఒక రాయి పెట్టండి. సగం భాగంమీద గోనెసంచి లేదా చెక్క కప్పి నీడ చేయండి. ఎండ ఎక్కువైతే తాబేలు తనంతట తానే నీడలోకి వెళ్ళాలి. వారంలో నాలుగైదు రోజులు, 20 నుండి 30 నిమిషాలు చాలు. ఎండాకాలంలో ఉదయం 9 గంటలలోపు, చలికాలంలో 10, 11 గంటల మధ్య మంచిది. కాకులు, కుక్కలు, పిల్లులు ఎత్తుకుపోకుండా పైన జాలీ వేయండి. ఎవరో ఒకరు దగ్గరుండాలి.

ఇంట్లో ఎండ దొరకనివారు సరీసృపాల కోసం అమ్మే యు.వి.బి. దీపం వాడవచ్చు. మామూలు బల్బు, ట్యూబులైటు ఈ పని చేయవు. దీపం వెలుగుతూ ఉన్నా, ఆరు నెలల నుండి ఏడాదిలో దాని కిరణాల శక్తి తగ్గిపోతుంది కాబట్టి మార్చాలి. దీపానికీ తాబేలుకూ మధ్య గాజు ఉండకూడదు.

6. నీళ్ళు, ఆరే చోటు

తాబేలు తినేది, విసర్జించేది, తాగేది అదే నీళ్ళలో. చిన్న గాజు గిన్నెలో నీళ్ళు ఒక్క రోజుకే చెడిపోతాయి. డిప్ప పొడవు ఒక్కో అంగుళానికి 35, 40 లీటర్ల నీళ్ళు ఉండాలన్నది తెలిసినవారు పాటించే లెక్క. 4 అంగుళాల తాబేలుకు 150 లీటర్లన్నమాట. కాబట్టి దుకాణంలో తాబేలుతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ గిన్నె దానికి ఇల్లు కాదు.

- ఫిల్టరు లేకపోతే రెండు మూడు రోజులకొకసారి నీళ్ళన్నీ మార్చాలి. ఫిల్టరు ఉంటే వారానికొకసారి సగం మార్చాలి.
- క్లోరిన్ కలిపిన నల్లా నీళ్ళను ఒక రోజు తెరిచి ఉంచి పోయాలి.
- నీళ్ళ వేడి 24 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలి.
- ఒళ్ళంతా పూర్తిగా ఆరేలా ఎక్కి కూర్చోవడానికి రాయి లేదా ఇటుక ఉండాలి. ఇది అలంకారం కాదు. ఎప్పుడూ తడిగా ఉండే డిప్పకు బూజు, కుళ్ళు పడతాయి. బురదలో నిలబడి నాట్లువేసేవారి కాలివేళ్ళ సందులు పాసినట్లే ఇదీ.

7. వారానికొకసారి డిప్ప పరీక్ష

ఆదివారమో, ఇంకొక వారమో రోజు నిర్ణయించుకోండి. తాబేలును రెండు చేతులతో పక్కల పట్టుకుని, ఆరిన డిప్పను వెలుతురులో చూడండి.

పలుచని, పారదర్శకమైన పొర ఒక్కొక్క పలక మీదనుండి ఊడుతోంది, కింద డిప్ప గట్టిగా, మెరుస్తూ ఉంది: ఇది ఎదుగుదల. భయం లేదు. గోటితో లాగవద్దు.

ఆరినప్పుడు తెల్లగా సున్నం పట్టినట్లుండి, తడిపితే కనపడదు: బోరు నీళ్ళలోని ఉప్పు కావచ్చు. నీళ్ళు మార్చి, మెత్తని బ్రషుతో రుద్దండి.

పచ్చని నాచు: బ్రషుతో తుడవండి. తొట్టి శుభ్రం చేయండి.

నొక్కితే డిప్ప వంగుతోంది: ఏడాది లోపు పిల్లలో కొద్దిగా మెత్తదనం సహజం. అంతకంటే పెద్దదానిలో అయితే కాల్షియం, ఎండ లోపం. పశువైద్యునికి చూపించండి.

పలకలు గుంటలు పడి, దుర్వాసన, తెల్లని లేదా పసుపు రంగు మెత్తని పదార్థం కనిపిస్తోంది: డిప్ప కుళ్ళు.

అడుగు డిప్పమీద ఎర్రని మచ్చలు, చారలు, తాబేలు మందకొడిగా ఉంది: విషక్రిములు రక్తంలో చేరి ఉండవచ్చు. ఆ రోజే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఒక పక్కకు ఒరిగి ఈదుతోంది, ముక్కు నుండి బుడగలు: ఇది డిప్ప జబ్బు కాదు, న్యుమోనియా కావచ్చు. ఇదీ ఆలస్యం చేయకూడనిదే.

8. డిప్ప కుళ్ళుకు, దెబ్బకు ప్రథమ చికిత్స

డిప్ప కుళ్ళు కనిపించగానే నీళ్ళన్నీ మార్చండి. గాయాన్ని శుభ్రమైన నీళ్ళతో కడగండి. పొవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నీళ్ళలో కలిపి పలుచని టీ డికాక్షన్ రంగు వచ్చేలా చేయండి. దూదితో అద్ది, పది నిమిషాలాగి కడిగేయండి. తరువాత కొన్ని గంటలు శుభ్రమైన, పొడిగా ఉన్న వెచ్చని చోట ఉంచండి. రోజుకు ఒకటి రెండుసార్లు నీళ్ళు తాగడానికి, తినడానికి శుభ్రమైన నీళ్ళలో వదలండి. కత్తితో గోకడం, మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు పొడి చేసి వేయడం చేయకూడదు. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. లోపలి ఎముక దాకా కుళ్ళు వెళ్ళిందా లేదా అన్నది వైద్యుడే చెప్పగలడు.

కింద పడటం, కుక్క కరవడం వల్ల డిప్ప పగిలితే శుభ్రమైన తడి గుడ్డ కప్పి, పెట్టెలో పెట్టి వెంటనే తీసుకువెళ్ళండి. జిగురు, సిమెంటు పూసి అతికించకండి. మురికి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. పగిలిన డిప్ప కూడా విరిగిన ఎముక లాగే నెలల్లో అతుక్కుంటుంది.

మీ మండలంలోని పశువైద్యశాలలో ముందు చూపించండి. అక్కడివారు అవసరమని చెబితే వరంగల్ దగ్గర మామునూరు పశువైద్య కళాశాల, హైదరాబాదు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉన్నాయి.

9. ఇంటిల్లిపాది ఆరోగ్యం

ఈ భాగం తల్లులు తప్పక చదవాలి. ఆరోగ్యంగా, హుషారుగా ఉన్న తాబేలు పేగుల్లో కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. అది మలంతో నీళ్ళలోకి, డిప్పమీదకు వస్తుంది. చూస్తే తెలియదు, వాసనతో తెలియదు. తాబేలును ముట్టుకున్న చెయ్యి నోట్లో పెట్టుకుంటే బిడ్డ కడుపులోకి వెళుతుంది.

అమెరికాలో ఒకప్పుడు చిన్న తాబేలు పిల్లలను బొమ్మల్లా అమ్మేవారు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకునేవారు. చాలామందికి జబ్బు చేయడంతో 1975లో ఆ దేశ ప్రభుత్వం 4 అంగుళాలకంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించింది. దానివల్ల ఏటా దాదాపు లక్షమంది పిల్లలకు ఈ జబ్బు తప్పిందని తరువాత అంచనా వేశారు.

జబ్బు లక్షణాలు: క్రిమి లోపలికి వెళ్ళిన 6 గంటల నుండి 6 రోజుల లోపు విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి మొదలవుతాయి. సాధారణంగా 4 నుండి 7 రోజుల్లో తగ్గుతుంది. కానీ 5 సంవత్సరాల లోపు పిల్లలు, గర్భిణీలు, వృద్ధులు, క్యాన్సర్ మందులు వాడేవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారిలో క్రిమి రక్తంలోకి వెళ్ళి ప్రాణం మీదకు రావచ్చు.

ఇంట్లో చేయవలసినది: ఓ.ఆర్.ఎస్. ద్రావణం కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు, తిండి ఆపవద్దు. వైద్యుని సలహాతో పిల్లలకు జింకు మాత్రలు ఇవ్వండి. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ కొనవద్దు.

వెంటనే ఆసుపత్రికి తేవలసిన గుర్తులు: విరేచనంలో రక్తం, కళ్ళు లోతుకుపోవడం, మూత్రం రాకపోవడం, తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండటం, తగ్గని జ్వరం, మూడు నెలల లోపు శిశువుకు ఏ జ్వరమైనా. వైద్యునితో "మా ఇంట్లో తాబేలు ఉంది" అని తప్పక చెప్పండి. అడగనిదే ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నివారణ:
- తాబేలును, దాని నీళ్ళను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి.
- 5 ఏళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు ఉండకపోవడమే మంచిది.
- తొట్టి నీళ్ళు వంటింటి సింకులో పారబోయకండి. అంట్లు తోమే చోట తొట్టి కడగవద్దు. ఆ నీళ్ళు పూలమొక్కలకు పోయవచ్చు, కూర మళ్ళకు వద్దు.
- తాబేలుకు ముద్దు పెట్టడం, అన్నం తినే చోట వదలడం చేయరాదు.

10. మీరు అడిగే ప్రశ్నలు

డిప్ప మెరవడానికి కొబ్బరినూనె రాయవచ్చా?
వద్దు. నూనె పట్టిన డిప్పకు మురికి అంటుకుని క్రిములు పెరుగుతాయి. రంగు వేయడం అంతకంటే హాని. మెరుపు తిండి వల్ల, ఎండ వల్ల లోపలి నుండి రావాలి.

ఇంట్లో తాబేలుంటే అదృష్టమని చెప్పి కొనిపించారు. నిజమేనా?
తాబేలు ఇంటికి అదృష్టం తెస్తుందో లేదో కానీ, గిన్నెలో బంధించిన తాబేలుకు మాత్రం అది దురదృష్టమే. ఆ నమ్మకంతో కొత్తగా కొనవద్దు.

చలికాలంలో తినడం మానేసింది. జబ్బా?
నీళ్ళు చల్లబడితే తాబేలు ఒళ్ళు కూడా చల్లబడి ఆకలి తగ్గుతుంది. నీళ్ళను వెచ్చగా ఉంచి చూడండి. వారం దాటినా తినకపోతే, కళ్ళు వాచినా, ముక్కు కారినా చూపించండి.

ఒక్కటే ఉంది, మగ తోడు లేదు. అయినా గుడ్లు పెట్టింది. ఎలా?
ఆడ తాబేలు తోడు లేకుండానే పొదగని గుడ్లు పెట్టగలదు, కోడిలాగే. గుడ్ల పెంకుకు చాలా కాల్షియం ఖర్చవుతుంది. అప్పుడు కాల్షియం తిండి పెంచండి. తవ్వుకోవడానికి తడి ఇసుక పెట్టండి. అది లేకపోతే గుడ్లు లోపలే ఆగిపోయి ప్రమాదం కావచ్చు.

ఇక పెంచలేము. చెరువులో వదిలితే పుణ్యం కదా?
కాదు. ఇది మన చెరువు జీవి కాదు. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఈ తాబేలు ఉంది. మన తాబేళ్ళ తిండిని, ఎండకు కూర్చునే చోటును లాక్కుంటుంది. వాటికి లేని రోగాలు తెచ్చిపెడుతుంది. ఐరోపా దేశాల సమాఖ్య 1997లోనే దీని దిగుమతిని ఆపింది. ఒక్క తాబేలే కదా అనుకోవద్దు. ఊరికి పది ఇళ్ళవారు అలా అనుకుంటే చాలు. బాగా చూసుకోగల మరొకరికి ఇవ్వండి, లేదా అటవీశాఖ వారిని, పశువైద్యుని అడగండి.

గుర్తుంచుకోండి

1. డిప్ప ఎముక. లోపల నరాలు, రక్తం ఉన్నాయి.
2. ముర్మురాలు, అన్నం, ఎముక లేని మాంసంతో డిప్ప గట్టిపడదు. ముల్లుతో చేప, గుల్లతో నత్త, ఆకులు కావాలి.
3. గాజులోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు.
4. పూర్తిగా ఆరే చోటు లేకపోతే డిప్ప కుళ్ళుతుంది.
5. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి.
6. మన చెరువు తాబేలును ఇంటికి తేవద్దు. దుకాణపు తాబేలును చెరువులో వదలవద్దు.

మీ ఇంట్లో పిల్లలతో ఈ ప్రశ్నలు చర్చించండి

1. మన తాబేలు నిన్న ఏమి తిన్నది? అందులో కాల్షియం ఉన్నది ఏది?
2. గత వారంలో దానికి గాజు అడ్డం లేకుండా ఎండ ఎన్నిసార్లు తగిలింది?
3. మరి మన తమ్ముడు, చెల్లి ఈ వారంలో పాలు, రాగి జావ, ఆకుకూర ఎన్నిసార్లు తిన్నారు? ఎండలో ఎంతసేపు ఆడుకున్నారు?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుకోలేని ఇంట్లో తాబేలు కంటే ముందు బిడ్డ డిప్పను, అంటే బిడ్డ ఎముకలను చూసుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. రాగులు మన అంగడిలోనే దొరుకుతాయి. ఎండకు డబ్బు పెట్టనవసరం లేదు.